రాక్ ఫ్లవర్ అనిమోన్ పిల్లలు పెట్టింది, కర్నూలు ఎండల్లో వీటిని బతికించేదెట్లా?

కొండారెడ్డి_రీఫ్ (కర్నూలు):
అందరికీ నమస్కారం. నా దగ్గర 200 లీటర్ల ఉప్పునీళ్ళ ట్యాంక్ ఉంది, ఏడాది పైనే అయింది నడుస్తూ. రెండు రాక్ ఫ్లవర్ అనిమోన్లు (పువ్వులా కనిపించే సముద్ర జీవులు), బబుల్ టిప్ అనే ఇంకో రకం అనిమోన్ ఒకటి, ఒక జత క్లౌన్ చేపలు ఉన్నాయి. నిన్న రాత్రి లైట్లు ఆరిపోయాక టార్చ్ వేసి చూస్తే రాక్ ఫ్లవర్ కూర్చున్న రాయి చుట్టూ బుల్లి బుల్లి అనిమోన్లు అతుక్కుని ఉన్నాయి. ఒక్కోటి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి, అదే సంప్, దాని గోడకు కూడా కొన్ని కనిపించాయి. సంతోషమూ ఉంది, టెన్షనూ ఉంది. వీటికి వేరే చిన్న ట్యాంక్ పెట్టాలా? ఏం తినిపించాలి? మార్చి వచ్చేసింది, మా ఇంట్లో ఏసీ పడకగదిలోనే ఉంది, ట్యాంక్ హాల్లో ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

నంద్యాల_ట్యాంక్:
తమ్ముడూ, సంబరపడే ముందు ఒకసారి సరిగ్గా చూడు. సంప్‌లో కూడా ఉన్నాయంటున్నావు కాబట్టి అవి ఎయిప్టేషియా, అంటే కలుపులా పెరిగిపోయే చిన్న అనిమోన్లు అయ్యుంటాయి. నూటికి తొంభై మంది "పిల్లలు పుట్టాయి" అని పోస్ట్ పెట్టేది ఆ కలుపు మొక్క గురించే.

ప్రొద్దుటూరు_నీమో:
కంగ్రాట్స్ అన్నా!! బబుల్ టిప్ పిల్లలేమో? ఫొటో పెట్టన్నా.

కడప_గవ్వ:
బబుల్ టిప్‌వి కావు. ట్యాంకుల్లో బబుల్ టిప్ సంఖ్య పెరిగేది మామూలుగా నిలువునా చీలి రెండు కావడం వల్లే. చీలినప్పుడు రెండు ముక్కలూ చెప్పుకోదగ్గ సైజులోనే ఉంటాయి, రంగు కూడా అచ్చం ఒకటే. మూడు మిల్లీమీటర్ల పిల్లలు గుంపుగా కనిపించడం దాని పద్ధతి కాదు.

రాక్ ఫ్లవర్ దారి వేరు. ఇది కరీబియన్ సముద్రపు జీవి. ఆడ, మగ వేర్వేరుగా ఉంటాయి. గుడ్లు తల్లి లోపలే ఫలదీకరణ చెంది, పిల్లలు అక్కడే కొంత ఎదిగాక నోటిలోంచి బయటికి వస్తాయి. మీ దగ్గర రెండు ఉన్నాయి కాబట్టి ఒకటి ఆడ, ఒకటి మగ అయ్యుండొచ్చు. లేదా మీరు కొన్నప్పటికే ఆడదాని కడుపులో పిల్లలు ఉండి ఉండొచ్చు.

గుర్తు పట్టడానికి భూతద్దం చాలు. ఎయిప్టేషియాకు కాండం పొడుగు, టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే చేతుల్లాంటివి) సన్నగా, పొడుగ్గా, కొసకు పోయేకొద్దీ మొనదేలి ఉంటాయి. ఒళ్ళంతా గోధుమరంగు, సగం పారదర్శకం. పుల్లతో తాకితే టక్కున రంధ్రంలోకి లాక్కుంటుంది. రాక్ ఫ్లవర్ పిల్లకు మధ్యలో నోరుండే పళ్ళెం లాంటి భాగం, అదే డిస్క్, వెడల్పు, చుట్టూ టెంటకిల్స్ పొట్టిగా మొద్దుగా ఉంటాయి. డిస్క్ మీద గీతలో చుక్కలో కనిపిస్తాయి. కాండానికి ఇసుక రేణువులు అంటించుకుని ఉంటే ఇంకా నమ్మకం. తాకితే ముడుచుకుంటుంది గానీ అంత కంగారుగా కాదు.

రాయి దగ్గరవి, సంప్‌లోవి విడివిడిగా చూసి చెప్పండి. రెండూ ఒకటే అనుకోవద్దు.

కొండారెడ్డి_రీఫ్ (కర్నూలు):
మేడం, మీరు చెప్పినట్టే చూశాను. రాయి చుట్టూ ఉన్నవాటికి టెంటకిల్స్ పొట్టివే. ఒకదాని డిస్క్ పచ్చగా ఉంది, ఇంకోదానికి మధ్యలో తెల్ల గీతలు. సంప్‌లోవి మాత్రం పొడుగు కాండం, తాకగానే మాయం. ఫొటోలు పెడుతున్నాను, ఫోన్ కెమెరాతో ఇంతకంటే రాలేదు.

కడప_గవ్వ:
చాలు, తెలుస్తోంది. రాయి దగ్గరవి రాక్ ఫ్లవర్ పిల్లలే. సంప్‌లోవి ఎయిప్టేషియా. నంద్యాల గారు సగం కరెక్ట్ :)

ఆ సంప్‌లోవాటిని గీకి తీయొద్దు. రాలిన చిన్న తునక నుంచి కూడా కొత్తది మొలుస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని ఆర్ఓ నీళ్ళలో చిక్కటి పేస్టులా కలిపి, సిరంజితో నెమ్మదిగా నోటి మీద కప్పేయండి. పంపు కాసేపు ఆపి చేయాలి. రోజుకు నాలుగైదుకు మించొద్దు, పీహెచ్ పైకి పోతుంది. అక్వేరియానికని అమ్మేదే వాడండి, పాన్ డబ్బాలోని సున్నం వద్దు, అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు.

నంద్యాల_ట్యాంక్:
సగం మార్కులైనా వచ్చాయి, చాలు. ఇంత శ్రమ ఎందుకు, పెప్పర్‌మింట్ రొయ్యలు రెండు వేస్తే ఎయిప్టేషియా మొత్తం తినేస్తాయి కదా?

కడప_గవ్వ:
మామూలప్పుడైతే నేనూ అదే చెప్పేదాన్ని. ఇప్పుడు వేయొద్దు. అంత చిన్న రాక్ ఫ్లవర్ పిల్లల జోలికి అవి పోవని ఎవరూ పూచీ పడలేరు. పైగా షాపుల్లో పెప్పర్‌మింట్ అని చాలాసార్లు క్యామెల్ రొయ్యను అంటగడతారు. వీపు మీద గూని, పెద్ద కళ్ళు ఉంటే అది క్యామెల్. మెత్తటి జీవులకు అదే పెద్ద శత్రువు.

అనంత_ఉప్పునీళ్ళు:
ఇప్పుడు చిన్న ట్యాంక్ సంగతి. వద్దు. ఇంకెక్కడైనా అయితే ఏమో గానీ, మన సీమలో మార్చి నుంచి జూన్ దాకా వద్దే వద్దు.

లెక్క చూడు తమ్ముడూ. లవణీయత 35, అంటే వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు పెట్టుకున్నావనుకో. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. 200 లీటర్ల ట్యాంకులో రెండు లీటర్లు ఆవిరైతే 35 కాస్తా 35.4 అవుతుంది. అనిమోన్‌కు తెలియను కూడా తెలియదు. అదే 20 లీటర్ల తొట్టిలో రెండు లీటర్లు పోతే? దాదాపు 39. మనకు ఎండాకాలంలో ఫ్యాన్ కింద రెండు లీటర్లు పోవడం ఎంతసేపు! నువ్వు ఆఫీసుకు పోయి, అట్నుంచి అటే పెళ్ళికి పోయి వచ్చేసరికి పిల్లల పని అయిపోతుంది. వేడి కూడా అంతే, తొట్టి ఎంత చిన్నదైతే అంత త్వరగా కాగుతుంది.

అందుకే పిల్లల్ని పెద్ద ట్యాంకులోనే ఉంచు. మరీ భయంగా ఉంటే సన్నటి జాలీ ఉన్న బ్రీడర్ బాక్స్ లోపలే వేలాడదీయి. నీళ్ళు అవే, వేడి అదే, తప్పిపోయే బాధ ఉండదు.

వేడి సంగతి. 25, 26 డిగ్రీలు ఉంటే మంచిది. 30 దాటి కొన్ని రోజులు ఉంటే లోపలి జూజాంథెల్లే, అంటే వెలుతురుతో తిండి తయారు చేసిపెట్టే ఆ సూక్ష్మమైన ఆల్గే, బయటికి పోయి అనిమోన్ తెల్లబారుతుంది. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత ఉంటే కొను. లేకపోతే నీటి ఉపరితలం మీదికి ఏటవాలుగా రెండు చిన్న ఫ్యాన్లు పెట్టు. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతాయి, గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా. చెన్నై, నెల్లూరు వాళ్ళకు ఉక్కపోతలో ఫ్యాన్ పెద్దగా పని చేయదు. మనకు బయట 42 ఉన్నా గాలిలో తేమ ఉండదు కాబట్టి మూడు డిగ్రీల దాకా తగ్గించుకోవచ్చు. మన ఎండలో మనకున్న ఒకే ఒక్క లాభం ఇది :) ఒక జాగ్రత్త, అదే హాల్లో నీళ్ళ కూలర్ తిప్పితే ఆ లాభం కూడా పోతుంది. కూలర్ గదిలో తేమ నింపుతుంది, ట్యాంక్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు చల్లబడవు.

ఫ్యాన్ పెట్టాక ఆవిరి ఇంకా పెరుగుతుంది కాబట్టి తగ్గిన నీళ్ళను దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ ఉండాల్సిందే. ఫ్లోట్ స్విచ్, చిన్న మోటారు, ఒక బకెట్ మంచి నీళ్ళు. బకెట్‌లో ఉప్పు కలిపిన నీళ్ళు పోస్తారు కొందరు, అట్లా చేయొద్దు. తగ్గిపోయింది నీళ్ళే, ఉప్పు కాదు.

నంద్యాల_ట్యాంక్:
అనంత అన్నా, బాక్స్ వరకు ఒప్పుకుంటా. కానీ పెద్ద ట్యాంకులో ఊరికే వదిలేస్తే పవర్‌హెడ్ (నీళ్ళు తిప్పే పంపు) లాక్కుంటుంది, రాళ్ళ సందుల్లో పోయిందెన్నో ఉన్నదెన్నో తెలీదు. క్లౌన్లు కూడా ఊరుకోవు. రాక్ ఫ్లవర్ వాటి మామూలు ఇల్లు కాదనుకో, అయినా కొన్ని దేన్ని చూసినా దొర్లుతాయి. పావు అంగుళం పిల్ల మీద చేప దొర్లితే అది నోరు తెరుస్తుందా?

అనంత_ఉప్పునీళ్ళు:
అదీ నిజమే. అందుకే బాక్స్ అన్నా. పవర్‌హెడ్‌కు స్పాంజ్ తొడుగు వేసి, వారానికోసారి పిండి కడిగితే చాలు. రాయికి గట్టిగా పట్టుకున్నవాటిని మాత్రం పీకొద్దు. పాదం చిరిగితే పుండు పడుతుంది, పుండు పడితే బతకడం కష్టం. అవి ఉన్న చోటే ఉండనీ. ఇసుకలోనో గాజు మీదో వదులుగా ఉన్నవాటినే పిపెట్‌తో తీసి బాక్స్‌లో వేయి. బాక్స్ అడుగున నాలుగు సిరామిక్ ముక్కలు, చిన్న రాళ్ళు పరుచు. వాటికి అతుక్కుంటే రేపు ముక్కతో సహా ఎత్తి ఎక్కడికైనా మార్చొచ్చు.

కొండారెడ్డి_రీఫ్ (కర్నూలు):
చాలా థాంక్స్ అన్నా. టాప్ ఆఫ్ నీళ్ళ గురించి ఒక డౌట్. ఇన్నాళ్ళూ వాటర్ ప్లాంట్ క్యాన్ తెచ్చుకుంటున్నా. ఈ వారం ఇంటికి కొత్త ఆర్ఓ బిగించారు, కాపర్ వస్తుందట, ఆరోగ్యానికి మంచిదని అమ్మ పట్టుబట్టింది. ఇక దాంట్లోంచే పోస్తే సరిపోతుంది కదా?

అనంత_ఉప్పునీళ్ళు:
ఆగు ఆగు ఆగు. ఒక్క చుక్క కూడా పోయొద్దు.

మనుషులకు సంగతి నాకు తెలీదు, వెన్నెముక లేని సముద్ర జీవులకు రాగి విషం. అనిమోన్లు, రొయ్యలు, నత్తలు దేనికీ పడదు. చేపల తెల్లమచ్చ రోగానికి వాడే రాగి మందును రీఫ్ ట్యాంకులో వేయకపోయేది అందుకే. టాప్ ఆఫ్‌గా రోజూ పోస్తే రాగి ఆవిరవదు, పేరుకుంటూ పోతుంది. రాళ్ళూ ఇసుకా దాన్ని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. అమ్మగారు తాగనీ, ట్యాంకుకు మాత్రం వద్దు.

వాటర్ ప్లాంట్ నీళ్ళు కూడా ప్రతి క్యానూ టీడీఎస్ మీటర్ పెట్టి చూడు. ఒకరోజు 30, ఒకరోజు 90 వస్తాయి. మా వైపు బోర్లలో టీడీఎస్ వెయ్యి దాటేవి బోలెడు, ఫ్లోరైడ్ గొడవ ఎట్లాగూ ఉంది. ఆర్ఓ పొర వందలో తొంభై ఐదు పాళ్ళు ఆపినా యాభై మిగిలిపోతుంది. ఆ మిగిలినదాంట్లో సిలికేట్లు ఉంటే గాజంతా గోధుమరంగు ఆల్గే. నేను చేసేది ఇది: క్యాన్ నీళ్ళను డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గొట్టంలోంచి సన్నటి ధారగా పంపి, మీటర్ సున్నా చూపిస్తేనే వాడతా. రెజిన్ రంగు మారగానే మార్చేయాలి.

ప్రొద్దుటూరు_నీమో:
ఇంత తలనొప్పి ఎందుకన్నా, మైపాడు బీచ్‌కు పోయి సముద్రం నీళ్ళే క్యాన్లలో తెచ్చుకుంటే? మా మామ లారీ నెల్లూరుకు పోతుంటుంది.

నెల్లూరు_తీరం:
మా ఊరి నీళ్ళు మేమే వాడం తమ్ముడూ. పెన్న మీ జిల్లా దాటి వచ్చి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేది ఆ పక్కనే. వానలు పడి నది పారినప్పుడు ఒడ్డు నీళ్ళలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. రొయ్యల చెరువుల నీళ్ళు కూడా అటే వదులుతారు. ఒడ్డున ముంచి తెచ్చేదానికంటే ప్యాకెట్ ఉప్పు వెయ్యి రెట్లు నయం.

మా వైపు నుంచి మీకు పనికొచ్చేది ఒకటుంది, ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవి గుడ్లు. ఇక్కడ రొయ్యల హ్యాచరీలన్నీ పిల్లలకు పెట్టేది అదే, కాబట్టి సరుకు తాజాగా దొరుకుతుంది. డబ్బా మొత్తం ఒక్కరే కొనకండి, తెరిచాక తేమ తగిలితే పొదగడం తగ్గుతుంది. నలుగురు పంచుకుని గాలి చొరని సీసాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

కొండారెడ్డి_రీఫ్ (కర్నూలు):
కాపర్ విషయం అడిగి మంచి పని చేశా. ఆర్టీమియా పొదిగించడం ఎట్లానో కూడా చెప్పండి. ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవులు) ఉంది, అది సన్నగా తరిగి వేస్తే చాలదా?

కడప_గవ్వ:
చాలదని కాదు, మూడు మిల్లీమీటర్ల పిల్ల నోటికి మైసిస్ ఎంత తరిగినా పెద్దదే. తీసుకుంటుంది, సగం అరిగాక ఉమ్మేస్తుంది, అది బాక్స్‌లో కుళ్ళుతుంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా అర మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా ప్రాణంతో ఈదుతూ టెంటకిల్స్‌కు తగులుతుంది.

లీటరు బాటిల్ అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళకు 25 గ్రాముల సముద్రపు ఉప్పు, పావు చెంచా గుడ్లు, కింది నుంచి గట్టిగా గాలి బుడగలు, పక్కన బల్బు. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి, ఇప్పుడు మన గదుల్లో ఆ వేడి ఉచితం. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలుతాయి, పిల్లలు కింద వెలుతురు వైపు గుమిగూడతాయి. వాటిని సన్నటి జాలీలో వడపోసి, కడిగి, వెంటనే వేసేయాలి. ఆలస్యం చేస్తే వాటి ఒంట్లోని పచ్చసొన అవే వాడేసుకుంటాయి, మన అనిమోన్‌కు ఉత్త తొక్కే మిగులుతుంది.

పంపులు, నురగతో మురికి తీసే స్కిమ్మర్ ఒక పావుగంట ఆపి, పిపెట్‌తో పిల్లల మీద మెల్లగా వదలండి. వారానికి రెండు మూడు సార్లు చాలు.

నంద్యాల_ట్యాంక్:
నేను రోజూ పెట్టమంటాను. పిల్ల వయసు, ఆకలి ఎక్కువ. రోజూ తిన్నవి ఎంత తొందరగా పెరుగుతాయో చూసినవాణ్ణి.

కడప_గవ్వ:
మీ 600 లీటర్ల ట్యాంకుకు, మీ స్కిమ్మర్‌కు అది సాగుతుంది సార్. కొత్తగా చేసేవాళ్ళు రోజూ పెడితే పిల్లలకంటే ముందు నైట్రేటు పెరుగుతుంది. ఆకలితో పోయేవాటికంటే నీళ్ళు చెడి పోయేవే ఎక్కువ. నేను వారానికి మూడు దగ్గరే ఆగుతా.

అనంత_ఉప్పునీళ్ళు:
ఈ వాదన మీ ఇద్దరికీ ప్రతి థ్రెడ్‌లోనూ ఉండేదే. తమ్ముడూ, నువ్వు పెట్టిన మర్నాడు నైట్రేట్ టెస్ట్ చెయ్యి, 20 లోపే ఉంటే ఇద్దరిలో ఎవరి మాటైనా విను.

కొంచెం పెరిగాక బజారు రొయ్య కూడా పనికొస్తుంది. పచ్చిది, వలిచి, బాగా కడిగి, గోరంత ముక్కను గుజ్జు చేసి. ఇంట్లో ఫ్రై కోసం పసుపు, ఉప్పు పట్టించి పెట్టిన గిన్నెలోంచి తీయకు, అట్లా తీసినవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నా.

గుంతకల్_సిగ్నల్:
మధ్యలో దూరుతున్నా. నాకు రామేశ్వరం నుంచి లైవ్ రాక్ (జీవులు పట్టిన సముద్రపు రాయి) తెచ్చిస్తానని ఒకరన్నారు, దాని మీద చిన్న అనిమోన్లు, పగడాలు కూడా ఉంటాయట. ఎవరైనా తీసుకున్నారా?

మోడరేటర్:
ఈ వేదికలో ఆ మాట వద్దు సార్. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అక్కడి మన్నార్ సింధుశాఖ దీవులు జాతీయ సముద్ర పార్కు కూడా. అక్కడి రాయి మీ ఇంట్లో దొరికితే కేసు మీ మీదే. ఎండు రాయి, సిరామిక్ మీడియా వాడండి, బ్యాక్టీరియా దానికదే పడుతుంది. దీని మీద ఇంకెవరూ జవాబులు రాయొద్దు.

కొండారెడ్డి_రీఫ్ (కర్నూలు):
అందరికీ అప్‌డేట్. ఏప్రిల్ మొత్తం, మే సగం గడిచింది. ఫ్యాన్లు రెండు, ఆటో టాప్ ఆఫ్ పెట్టాను. ట్యాంక్ మధ్యాహ్నం 28 దాకా పోతోంది, దాన్ని మించలేదు. కూలర్‌ను అమ్మ గదిలోకి మార్చాం. సంప్‌లో ఎయిప్టేషియా దాదాపు పోయింది, ఒకటీ అరా మళ్ళీ మొలుస్తున్నాయి.

పిల్లల్లో కొన్ని కనిపించడం లేదు, అది ముందే అనుకున్నదే. రాయికి పట్టుకున్నవి బాక్స్‌లోవాటికంటే బాగా పెరిగాయి, ఎందుకో మరి. ఒకటి పూర్తిగా ఆకుపచ్చ, ఒకటి నారింజ అంచుతో, ఇంకొకటి బూడిదరంగు. తల్లి మాత్రం గోధుమరంగు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు దానంతటదే ఆన్ అవుతోంది, ఒకసారి రాత్రి చాలాసేపు పోయినా ఏమీ కాలేదు.

కడప_గవ్వ:
చాలా సంతోషం! రంగులు తేడాగా రావడం మంచి గుర్తు. చీలి పుట్టినవైతే అన్నీ తల్లి రంగే ఉండేవి. రాయి మీదివి బాగా పెరగడానికి అక్కడ నీటి ప్రవాహం బాగుండటం కారణం కావచ్చు, బాక్స్ జాలీకి ఆల్గే పడితే లోపల నీళ్ళు కదలవు. ఒకసారి బ్రష్ పెట్టి చూడండి.

బాగా చూసుకుంటే ఇవి మనకంటే ఎక్కువ రోజులు ఉండొచ్చు. స్కాట్లాండ్‌లో జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో సముద్రం ఒడ్డు నుంచి ఒక బీడ్‌లెట్ అనిమోన్ తెచ్చి గాజు పాత్రలో పెట్టుకున్నాడు. ఆయన పోయాక అది చేతులు మారుతూ ఎడిన్‌బరోలో 1887 దాకా బతికింది. ఎన్నో పిల్లల్ని పెట్టింది, అందరూ దాన్ని గ్రానీ అనేవాళ్ళు. ఆ రోజుల్లో ఎల్ఈడీ లేదు, స్కిమ్మర్ లేదు. నీళ్ళు తప్పకుండా మార్చేవాళ్ళు, మితంగా తిండి పెట్టేవాళ్ళు. నంద్యాల సార్, మితంగా :)

నంద్యాల_ట్యాంక్:
అది చల్లటి దేశపు అనిమోన్ మేడం, దానికి ఆకలి తక్కువ!

అనంత_ఉప్పునీళ్ళు:
తమ్ముడూ, ఆ నారింజ అంచుది నాకు కావాలి. బదులుగా జోయాంథిడ్ (పగడాల లాంటి మెత్తటి జీవి) ఒకటి ఇస్తా.

కొండారెడ్డి_రీఫ్ (కర్నూలు):
తప్పకుండా అన్నా. ఎప్పుడు పంపమంటారు? బస్సు పార్శిల్‌లో వస్తుందా?

అనంత_ఉప్పునీళ్ళు:
ఇప్పుడు కాదు, ఈ ఎండలో డిక్కీలో పెడితే చారు అయిపోతుంది. జూలై దాటనీ, అదీ రాత్రి బస్సుకు. రెండు రోజుల ముందు నుంచి తిండి ఆపు, లేకపోతే దారిలో ఉమ్మేసి కవరు నీళ్ళు పాడు చేస్తుంది. చిన్న రాతిముక్కతో సహా ఎత్తి, ఒక కవరులో ఒకటే, మూడో వంతు నీళ్ళు, మిగతా గాలి, రెండు కవర్లు తొడిగి థర్మోకోల్ డబ్బాలో. ఇక్కడ చుక్క చుక్కగా నా నీళ్ళు కలిపి దించుకుంటా. ఉప్పు కొలిచే నీ రిఫ్రాక్టోమీటర్‌ను 35 ద్రావణంతో సరిచేసుకున్నావా? ఆర్ఓ నీళ్ళతో సున్నా చూసి వదిలేస్తే పైన తప్పు చూపిస్తుంది.

ప్రొద్దుటూరు_నీమో:
అన్నా నాకూ ఒకటి!! ట్యాంక్ పోయిన నెలే మొదలుపెట్టా. అమోనియా ఇంకా 0.5 చూపిస్తోంది, అయినా పర్లేదు కదా?

కడప_గవ్వ:
పర్లేదు కాదు నాన్నా. అది సున్నా కావాలి, నైట్రైటు సున్నా కావాలి, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు ట్యాంక్ కుదురుకోవాలి. అప్పటిదాకా క్లౌన్ చేపలతో సర్దుకో.

కొండారెడ్డి_రీఫ్ (కర్నూలు):
ఆ ఆకుపచ్చది నీ పేరు మీద పెట్టా తమ్ముడూ. ఎవరడిగినా ఇవ్వను. వచ్చే సంక్రాంతికి మైదుకూరు మీదుగా కడపకు వస్తా, అప్పటికి నీ టెస్ట్ రీడింగులు ఇక్కడే పోస్ట్ చేసి ఉంచు, చూసి తెస్తా.

ప్రొద్దుటూరు_నీమో:
డీల్ అన్నా. టెస్ట్ కిట్ ఏ కంపెనీది కొనమంటారు?